కరెంటు స్తంభమెక్కిన తీగ, నీళ్ల పైపు పక్కన పడుకున్న తీగ

ఊరూరికీ ఆప్టికల్ ఫైబర్ చేర్చే పనిలో రెండు తెలుగు రాష్ట్రాలు దాదాపు ఒకే కాలంలో చెరో దారి పట్టాయి. ఆంధ్రప్రదేశ్ 2015లో ఫైబర్‌నెట్ సంస్థ పెట్టి కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగింది. తెలంగాణ టీ-ఫైబర్ పేరుతో, మిషన్ భగీరథ నీళ్ల పైపు కోసం తవ్విన ట్రెంచిలోనే కేబుల్‌కు డక్టు వేయాలని పథకం వేసుకుంది. ఒకటి గాలిలో, ఒకటి మట్టిలో. చర్చ ఎప్పుడు వచ్చినా ఇది తొందరకూ నింపాదికీ, చవకకూ మన్నికకూ మధ్య తగాదాగా తేలిపోతుంది. ఆ కొలత సరిపోదని నా అభిప్రాయం. రెండు పథకాలూ సొంత దారి వేసుకోలేదు, ఇంకో శాఖ దారిని పట్టుకుని నడిచాయి. ఆ దారి ఏ ఆకారంలో ఉంది, ఎక్కడ ఆగుతుంది, ఎప్పుడు చెడుతుంది, చెడితే ఎవరొస్తారు అన్న గుణాలన్నీ కేబుల్‌కు సంక్రమించాయి. పోల్చవలసింది గాలినీ మట్టినీ కాదు, కరెంటు శాఖనూ నీళ్ల శాఖనూ.

ఈ పోలికకు నిజామాబాద్–బోధన్ రోడ్డు మీదున్న ఎడపల్లి మంచి పరీక్షా స్థలం. అక్కడ కరెంటు స్తంభాలున్నాయి, భగీరథ పైపులున్నాయి, జానకంపేట దగ్గర చీలి బోధన్ పోయే రైలు పట్టా ఉంది, నిజాంసాగర్ కాలువలున్నాయి. పట్టుకుని నడవడానికి దారులకు కొదవ లేదు.

మొదట స్తంభం సంగతి. ఆంధ్రప్రదేశ్ తొలిదశలో దాదాపు 24,000 కిలోమీటర్ల కేబుల్‌ను స్తంభాల మీద లాగింది. ఏడీఎస్ఎస్ అనే ఆ కేబుల్‌లో లోహం ఉండదు, కాబట్టి కరెంటు తీగల పక్కన వేలాడదీసినా దానికి షాకు అంటదు. నేల తవ్వలేదు, రోడ్డు కోయలేదు, పొలం గట్టు దగ్గర రైతుతో పేచీ పడలేదు. 2017 డిసెంబర్ 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆ నెట్‌వర్క్‌ను జాతికి అంకితం చేసేనాటికే నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టీవీ, ఫోను కలిపి ఇళ్లకు అందుతున్నాయి. రెండేళ్ల చిల్లరలో ఇంత పని జరగడం మన ప్రభుత్వ పనుల్లో అరుదు.

అయితే ఆ పథకంలో అసలు తెలివి కేబుల్ కంటే సబ్‌స్టేషన్ల వాడకంలో కనిపిస్తుంది. సిగ్నల్ పంచే యంత్రాలను 33 కేవీ సబ్‌స్టేషన్లలో పెట్టారు. ఊళ్లో కరెంటు పోయినా సబ్‌స్టేషన్‌లో మనిషి ఉంటాడు, కంచె ఉంటుంది, రాత్రి పూటా తలుపు తీసే దిక్కుంటుంది. కేంద్రం మాత్రం తన ఫైబర్ పథకమైన భారత్‌నెట్ కింద ఆ పెట్టెను గ్రామ పంచాయతీ ఆఫీసులో బిగించింది. ఆ ఆఫీసుకు సాయంత్రమయ్యేసరికి తాళం పడుతుంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కునేసరికి తెల్లారుతుంది. యంత్రం ఏ గదిలో ఉండాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నెట్‌వర్క్ కన్సల్టెంటుకు ఇచ్చే ఫీజులో సగం ఆ ఒక్క ప్రశ్నకే ఇవ్వవచ్చు.

స్తంభం తెచ్చే తలనొప్పులు స్తంభానివే. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో వేల స్తంభాలను పడగొట్టింది. స్తంభం కూలితే దాని మీద కేబుల్ నిలబడదు. అప్పుడు కరెంటు శాఖ ముందు కరెంటే చూసుకుంటుంది, అది న్యాయమే. తుపాను లేని ఎడపల్లి వంటి చోట ప్రమాదం వేరే రూపంలో వస్తుంది. నిజాం షుగర్స్ చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక చెరుకు లారీలు తగ్గాయి గానీ, కోతల కాలంలో గడ్డి ఎత్తుగా పేర్చుకున్న ట్రాక్టర్లు రోడ్డు దాటే కేబుళ్లను తగిలించుకుని ఈడ్చుకుపోవడం ఏ వరి ప్రాంతానికీ కొత్త కాదు. బాగు చేయాలంటే లైన్‌మన్ ఎల్‌సీ తీసుకోవాలి, అంటే ఆ లైనుకు సరఫరా ఆపించాలి. ఇంటర్నెట్ కోసం ఊరి కరెంటు తీయమంటే ఎవరు ఒప్పుకుంటారు?

ఇక ట్రెంచి. ఆలోచనగా చూస్తే ఇది మరింత ముచ్చటైనది. 2016 ఆగస్టు 7న గజ్వేల్ మండలం కోమటిబండలో ప్రధాని ప్రారంభించిన మిషన్ భగీరథ, లక్ష కిలోమీటర్లకు పైగా పైపులు వేసిన పథకం. ఫైబర్ పనిలో ఖర్చంతా గాజు తీగలో ఉండదు, తవ్వకంలో ఉంటుంది. బీఎస్ఎన్ఎల్ పాత నియమం ప్రకారం 1.65 మీటర్ల లోతు తవ్వాలి. ఎవరో ఎలాగూ తవ్వుతున్నప్పుడు ఆ గోతిలోనే డక్టు పడేస్తే సగం యుద్ధం గెలిచినట్టే. కాగితం మీద దీన్ని తప్పుపట్టడం కష్టం.

తప్పు ఆకారంలో ఉంది. నీళ్ల పైపుకు ఒకటే దిక్కు. నది దగ్గర మొదలై, శుద్ధి కేంద్రం దాటి, ఎత్తైన చోట ఉన్న రిజర్వాయర్ ఎక్కి, అక్కణ్నుంచి పల్లానికి ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు దాకా దిగుతుంది. మొదలు ఒకటి, కొమ్మలు అనేకం. కొమ్మకూ కొమ్మకూ మధ్య లంకె అక్కర్లేదు, నీటికి అదే పొదుపు. ఫైబర్‌కు అదే శాపం. మధ్యలో ఒక్క జేసీబీ గోకితే ఆ కింది ఊళ్లన్నీ ఒకేసారి చీకట్లో పడతాయి. పైగా ఊరి బయటి నుంచి వచ్చే పెద్ద పైపు ఆగేది ట్యాంకు దగ్గర. టెలిఫోన్ ఎక్స్ఛేంజీ ఇంకో చోట, బడి ఇంకో చోట, ఇళ్లు ఇంకో చోట. కరెంటు స్తంభం ప్రతి వాకిలి ముందుకూ వస్తుంది, కాబట్టి దాని మీద వచ్చిన కేబుల్ కూడా వాకిలి దాకా వస్తుంది. కాలం విషయంలోనూ అంతే. డక్టు వేగం పైపు వేగాన్ని దాటలేదు. 2017లో మహేశ్వరం మండలంలో ప్రయోగంగా చూపించిన సేవ, సంగారెడ్డి జిల్లా సంగుపేట, పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్ వంటి కొన్ని ఊళ్ల ఇళ్లలోకి రావడానికి 2024 డిసెంబర్ దాకా పట్టింది. ఆ ఏడేళ్లలో చవక మొబైల్ డేటా జనం అలవాట్లను మార్చేసి పోయింది.

భూమిలో ఉన్నది భద్రం అనే నమ్మకాన్ని కూడా తెగిన చోటికి వెళ్లి చూడాలి. ఓటీడీఆర్ యంత్రం తీగలోకి కాంతి పంపి, అది తిరిగొచ్చే తీరును బట్టి ఎన్ని కిలోమీటర్ల దగ్గర తెగిందో చెబుతుంది. కానీ అది కొలిచేది తీగ పొడవును, నేల మీది దూరాన్ని కాదు. జాయింట్ల దగ్గర చుట్టలుగా వదిలిన అదనపు కేబుల్ కూడా ఆ లెక్కలో కలుస్తుంది. స్తంభాల మీదైతే తల పైకెత్తి నడుస్తూ పోతే తెగిన కొస కనిపిస్తుంది. మట్టిలోనైతే మార్కర్ రాళ్లు వెతకాలి. వాటిని అప్పటికే ఎవరో పీకి గట్టు మీద పారేసి ఉంటారు. బోధన్ వైపు నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు బీటలు వారే నేల, అందులో పైపు జాయింట్లు కదులుతాయి, నీళ్లు కారతాయి. ఆ లీకేజీ సరిచేయడానికి వచ్చిన గ్యాంగే పక్కనున్న డక్టును కోసి పోతుంది. తెగిన చోటు దొరికాక స్ప్లైసింగ్ మొదలవుతుంది. పైతొడుగు ఒలిచి, తీగను స్పిరిట్‌తో తుడిచి, క్లీవర్‌తో కొన నిటారుగా తెంచి, యంత్రంలో రెండు కొసలూ ఎదురెదురుగా పెడితే చిన్న నిప్పురవ్వతో అవి అతుక్కుంటాయి. కాంతి నడిచే నాళం వెడల్పు 9 మైక్రాన్లు. అంటే వెంట్రుక మందంలో పదో వంతు. దుమ్ము పడకుండా గొడుగు అడ్డం పెట్టుకుని, బురద గోతి పక్కన, ఇరవై నాలుగు తీగలను ఒక్కొక్కటిగా అతకాలి. ఇంట్లో పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతుంటే ఫోన్ చేసి విసుక్కునేవాళ్లకు ఈ గోతి కనపడదు.

తెగడం తప్పనప్పుడు రెండో దారి ఉండాలి. ఈ పాఠం ఎడపల్లి రైతుకు ఇంజనీర్లు చెప్పక్కర్లేదు. మంజీర మీద 1931 నాటికి పూర్తయిన నిజాంసాగర్ నీళ్లు చివరి ఆయకట్టుకు అందక పోతుంటే, కోస్లీ దగ్గర గోదావరి నుంచి ఎత్తిపోసి అలీసాగర్ ద్వారా ఎదురు దిక్కునుంచి ఇచ్చారు. కాలువ కొస ఎండినా మడి తడిసే ఏర్పాటు అది. టెలికాంలో దీన్నే రింగు అంటారు. భారత్‌నెట్ తొలిదశలో ఈ ఊసే లేదు. బీఎస్ఎన్ఎల్ పాత కేబుల్ మండలం దాకా, అక్కణ్నుంచి పంచాయతీకి ఒంటి దారి. 2023 ఆగస్టులో కేంద్రం 1,39,579 కోట్లతో ఆమోదించిన సవరణ పథకంలో గానీ రింగు రాలేదు. పన్నెండేళ్లు ఆలస్యంగా వచ్చిన బుద్ధి అనాలి.

ఇంటి గడప విషయంలో నా మొగ్గు ఆంధ్రప్రదేశ్ వైపే. అక్కడ చివరి మజిలీని ఊరి కేబుల్ ఆపరేటర్లకు అప్పగించారు. ఎవరింట్లో ఏ టీవీ ఉందో, ఎవరు నెల బాకీ పడ్డారో వాళ్లకు తెలుసు. కానీ ధర ముందు పెట్టి లెక్క తర్వాత చూశారు. ఇంట్లో పెట్టే పెట్టె ఖరీదు అప్పట్లో దాదాపు నాలుగు వేలు. 149 మొత్తం పెట్టెకే జమ కట్టినా అది తీరడానికి రెండేళ్లు దాటుతుంది, ఆపరేటర్ వాటా తీస్తే ఇంకా ఎక్కువ. పెట్టెలకు కొరత రావడం, ధర పెరగడం అందులోంచి వచ్చినవే. తెలంగాణ ఈ తప్పు చేయలేదు. చేసేంత దూరం చాలాకాలం రాలేదు కూడా.

బాసరలో 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీ వంటి క్యాంపస్‌లకు ఈ బాధలేవీ ఉండవు. స్థలం, స్తంభం, పైపు, తాళంచెవి అన్నీ ఒకే యజమానివి. రింగు గీయాలంటే అనుమతి ఒక్క చోటే అడగాలి. క్యాంపస్ డిజైన్ పుస్తకాన్ని మండలానికి అలాగే దించిన కన్సల్టెంట్లు బోల్తా పడేది ఇక్కడే. ఊళ్లో ప్రతి వంద మీటర్లకూ యజమాని మారతాడు.

ఎడపల్లికైతే నేను స్తంభాన్ని ఇళ్ల దాకా వెళ్లడానికి వాడతాను, ట్రెంచిని పట్టణాల నుంచి మండలం దాకా. నిజామాబాద్, బోధన్ రెండూ ఇక్కడికి 20 కిలోమీటర్ల లోపే, జీపాన్ పద్ధతిలో మధ్యలో ఎక్కడా కరెంటు అక్కర్లేకుండా కాంతి చేరగల దూరం. రెండు కొసల నుంచీ తెచ్చుకునే వీలు ఇంత సులువుగా ఉన్న మండలాలు తక్కువ. భారత్‌నెట్ సవరణ పథకంలో గుత్తేదారు మూడేళ్లలో కట్టి పదేళ్లు నడపాలి. తెగితే నష్టం తనదే కాబట్టి, కట్టేటప్పుడే జాగ్రత్త పడతాడని ఆశ. నక్షా పరిశీలించేవాళ్లు ఒక్కటి తప్పక చూడాలి. జానకంపేట వైపు నుంచి వచ్చే కేబుల్, బోధన్ వైపు నుంచి వచ్చే కేబుల్ చివరికి ఒకే కల్వర్టు కింద నుంచి ఊళ్లోకి దిగుతున్నాయా? దిగితే అది కాగితం మీదే రింగు. ఒక్క జేసీబీ చాలు.