తెర మీద మెక్సికో: ముఖం ఎవరిది, చూపు ఎవరిది?

మెక్సికన్ అంటే హాలీవుడ్‌కి మొదట్నించీ కొన్ని అచ్చులే ఉన్నాయి. బందిపోటు, సోమరి, మగాళ్ళని వలలో వేసుకునే ఆడది. మూకీల కాలంలో ‘గ్రీజర్’ అనే తిట్టుని సినిమా పేర్లలోనే పెట్టుకున్నారు. 1914 నాటి ‘బ్రాంకో బిల్లీ అండ్ ది గ్రీజర్’ అందులో ఒకటి. ఇది ఎంత ముదిరిందంటే, తమ ప్రజల్ని కించపరిచే కంపెనీల సినిమాల్ని దేశంలోకి రానివ్వబోమని 1922లో మెక్సికో ప్రభుత్వం చెప్పాల్సొచ్చింది. తర్వాత వేషం మారింది గానీ చూపు మారలేదు. 1958లో ‘టచ్ ఆఫ్ ఈవిల్’లో మెక్సికన్ అధికారి పాత్ర కోసం చార్ల్టన్ హెస్టన్ ముఖానికి గోధుమరంగు పూశారు. 2000లో ‘ట్రాఫిక్’ వచ్చేసరికి మెక్సికో నేలకీ ఆకాశానికీ పసుపు రంగు పూశారు.

ఇంతవరకూ అందరూ ఒప్పుకునేదే. మేం అడిగేది ఆ తర్వాతి ప్రశ్న. హాలీవుడ్‌ని వేలెత్తి చూపిన మెక్సికో తన మూలవాసుల్ని తెర మీద ఎట్లా నిలబెట్టింది?

1943లో ఎమీలియో ఫెర్నాండెజ్ తీసిన ‘మరియా కాండెలారియా’ 1946లో కాన్ ఉత్సవంలో అత్యున్నత బహుమతి పొందిన చిత్రాల్లో ఒకటి. పూలమ్ముకునే మూలవాసి యువతి కథ. ఆ పాత్ర వేసింది సంపన్న కుటుంబంలో పుట్టి హాలీవుడ్‌లో వెలిగిన డోలోరెస్ డెల్ రియో. మరియా కథ చెప్పేది ఆమె కాదు, ఆమె బొమ్మ గీసిన చిత్రకారుడు. రాళ్ళతో కొట్టి చంపేది మాత్రం ఆమె మనుషులే. అందం నటికి, జాలి చిత్రకారుడికి, అనాగరికత మూలవాసులకి! ఈ పంపకం మనకి కొత్తదా?

2018లో అల్ఫోన్సో క్వారోన్ ‘రోమా’ వచ్చింది. పనిమనిషి క్లియోగా మూలవాసి స్త్రీ యలిట్జా అపారిసియో నటించి ఆస్కార్ ఉత్తమ నటి పోటీదాకా వెళ్ళింది. మిష్టెక్ భాష తెర మీద వినపడింది. ఇది చిన్న విషయం కాదు. ఇంటివాళ్ళు టీవీ చూస్తుంటే క్లియో పక్కనే కింద కూచుంటుంది. పిల్లవాడు భుజం మీద చెయ్యేస్తాడు. అంతలోనే డాక్టరుగారికి టీ తెమ్మని యజమానురాలు పురమాయిస్తుంది. ప్రేమా చాకిరీ ఎట్లా పెనవేసుకుంటాయో దర్శకుడు దాచలేదు. కానీ సముద్రం ఒడ్డున ఒక్కసారి గుండె విప్పిన క్లియో, ఇంటికొచ్చాక బట్టలతో మళ్ళీ మేడ మెట్లెక్కుతుంది. సినిమా ఆమెని ప్రేమగా చూస్తుంది. ఆమె కళ్ళతో ఆ ఇంటిని చూడదు. ఇది ఆ ఇంటి బిడ్డ జ్ఞాపకం.

ఆ నటి పేరు ప్రపంచమంతా మోగుతున్నప్పుడే, 2019లో అక్కడి ఒక నటుడు ఆమెని ‘ఇండియా’ అని తిట్టాడు. మూలవాసి స్త్రీ అని ఆ మాటకర్థం. కులం పేరే తిట్టుగా వింటూ పెరిగిన మాకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

మరి దారి లేదా? 1954 నాటి ‘సాల్ట్ ఆఫ్ ది ఎర్త్’ చూడండి. న్యూమెక్సికోలో మెక్సికన్ అమెరికన్ గని కార్మికులు నిజంగా చేసిన సమ్మె కథ. రాసిందీ తీసిందీ బయటివాళ్ళే. కానీ స్క్రిప్టుని కార్మికులకి వినిపించి, వాళ్ళు తప్పన్నవి మార్చారు. యూనియన్ నాయకుడు హువాన్ చాకోన్ కథానాయకుడయ్యాడు. నాయిక రోసౌరా రెవుఏల్తాస్‌ని షూటింగు మధ్యలో అరెస్టు చేసి మెక్సికో పంపేశారు. మూసపాత్రకి భయపడని రాజ్యం, మాట చెల్లించుకున్న మనుషుల్ని చూసి భయపడింది.

తెర మీద ముఖం దొరకడం మొదటి మెట్టే. ‘ఇది మా బతుకు కాదు’ అని చెప్పి కథని మార్పించగల హక్కు దొరకాలి. మేం కొలిచేది ఆ కొలతతోనే.