ముందు గళ్ల కాగితం, తర్వాతే కంప్యూటర్

హైస్కూలు బయాలజీ క్లాసులో బయోఇన్ఫర్మాటిక్స్ అనగానే అందరికీ కంప్యూటర్ ల్యాబే గుర్తొస్తుంది. మొదటిరోజు దానితో పనిలేదు. గళ్ల కాగితం, పెన్సిలు చాలు.

హిమోగ్లోబిన్ బీటా గొలుసు జన్యువు మొదట్లోని అక్షరాలను గడికొకటి చొప్పున రాయించాలి. దాని కింద వరసలో సికిల్‌సెల్ రోగి జన్యువుది. వేలు పెట్టి చూసుకుంటూ పోతే ఒకచోట పైన జీఏజీ, కింద జీటీజీ. మారింది ఒక్క అక్షరమే. దాంతో గ్లుటామిక్ ఆమ్లం పోయి వాలీన్ వచ్చింది. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఎర్రకణం కొడవలిలా వంగిపోవడానికి మూలం అదే. ఆదిలాబాద్ గిరిజన గూడేల్లో ఈ జబ్బు ఎరిగిన ఇళ్లున్నాయి. అలాంటి ఇంటి పిల్లలు క్లాసులో ఉంటే మాస్టారు మాట ఆచితూచి వాడాలి.

ఇక్కడే తగాదా మొదలవుతుంది. మార్పు ఆరో అమైనో ఆమ్లంలో అని పుస్తకం, ఏడు అని లెక్కపెట్టిన పిల్లలు. ఎవరిదీ తప్పు కాదు. ముందుండే మెథియోనిన్ తర్వాత తెగిపోతుంది. పాత లెక్క దాన్ని వదిలేసింది, జన్యువుల డేటాబేసు కలుపుకుంటుంది. జవాబు మాస్టారు వెంటనే చెప్పేయకుండా కాసేపు కొట్లాడుకోనిస్తేనే మంచిది.

ఆ తర్వాత బ్లాస్ట్. 1990లో వెలువడిన ఈ ప్రోగ్రాం అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌సీబీఐ వెబ్‌సైట్‌లో ఉచితం. మనమిచ్చిన వరసలో చిన్న ముక్క డేటాబేసులోని వరసతో కలిసిన చోటు పట్టుకుని, పోలిక అటూ ఇటూ ఎంతవరకు సాగుతుందో చూస్తుంది. వచ్చిన ఫలితాన్ని నమ్మాలా వద్దా అన్నదే అసలు పాఠం. నాలుగు అక్షరాలతో పది గళ్లు నింపడానికి 10,48,576 మార్గాలున్నాయి. మానవ జీనోములో సుమారు 300 కోట్ల అక్షరాలు. అంటే అక్షరాలు ఇష్టమొచ్చినట్టు పడ్డాయనుకున్నా, ఏ పదక్షరాల ముక్కైనా సగటున రెండు వేల ఎనిమిది వందలసార్లకు పైనే తగులుతుంది. అది కాకతాళీయం, చుట్టరికం కాదు. ఇలాంటి కాకతాళీయాలు ఎన్నుండొచ్చో చెప్పే అంకే ఈ-వాల్యూ. అది సున్నాకు ఎంత దగ్గరైతే పోలికను అంత నమ్మొచ్చు.

అమెరికాలో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ బయాలజీ చదివే పిల్లలకు, వాళ్లలో మనవాళ్లూ బోలెడుమంది, బ్లాస్ట్ ప్రయోగం ఒకటుంది. చైనాలోని లియావ్‌నింగ్‌లో దొరికిన శిలాజం తాలూకు జన్యువులంటూ కొన్ని ఫైళ్లిస్తారు, అది ఏ జీవులకు దగ్గరో తేల్చమంటారు. కథ రంజుగానే ఉంటుంది గానీ, అంత పాత శిలాజంలో డీఎన్ఏ మిగలదు. పైగా అక్షరాలు చదవకుండానే బటన్లు నొక్కి మార్కులు తెచ్చుకోవచ్చు.

నాకైతే మార్గరెట్ డేహాఫ్ దారే నచ్చుతుంది. 1965లోనే, అప్పటికి తెలిసిన ప్రోటీన్ల వరసలన్నీ పోగుచేసి పుస్తకం వేసిందావిడ. అమైనో ఆమ్లానికి ఒక్క అక్షరం అన్న పద్ధతి ఆవిడదే. ఆ పద్ధతిలో రాస్తే 146 అమైనో ఆమ్లాల బీటా గొలుసు మనిషిది, చింపాంజీది, గొరిల్లాది ఒకే పేజీలో పడతాయి. ఇంటర్నెట్ లేని బడిలోనైనా జిరాక్సు తీసి పంచొచ్చు. మనిషికీ చింపాంజీకీ తేడా దొరకదు. గొరిల్లా వరసలో ఒక్కటి దొరుకుతుంది, 104వ గడిలో.