మాటల చిట్టా

కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్ష కోసం ఆదివారాలు మన పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్న తల్లిదండ్రుల్లో మేమూ ఉన్నాం. కనుక ఈ విమర్శ ముందు మాకే తగులుతుంది.

మాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. ఎంసెట్‌కు బయాలజీ బట్టీపట్టినట్టు మాటల చిట్టా వల్లె వేయించడం. ఒకప్పుడు దానికి పనుండేది. మారథాన్‌కు పరుగుగాడెలాగో రెగాటాకు తెడ్డువేసేవాడలాగ, అనే ప్రశ్న పేరుమోసింది. పడవపందేలు ఎరిగిన కలవారి పిల్లలకే అది అందుతుందని గొడవ చేశారు, న్యాయమే. ఆ రకం ప్రశ్నలు 2005లో పోయాయి. వాక్యంలో ఖాళీలు 2016లో తీసేశారు. ఇప్పుడు మళ్ళీ వచ్చినా సందర్భం చూసి పూరించేవే. మన చిట్టా మాత్రం చెక్కుచెదరలేదు!

అమెరికాలో 2024 నుంచి పరీక్షంతా కంప్యూటరు మీదే. ప్రశ్నకొక తునక, 25 నుంచి 150 మాటలు. 64 నిమిషాల్లో 54 ప్రశ్నలు. మా అసలు దిగులు ఇక్కడుంది. తునకలతోనే పెరిగిన చదువు, రోగిని చూడకుండా ల్యాబు రిపోర్టు చదివే హౌస్ సర్జన్ వైద్యం లాంటిది.

మొన్న ఒకమ్మాయి తునకలన్నిటికీ సరిగ్గా జవాబులు పెట్టింది. ఒక కథ పూర్తిగా చదివించి, "ఆ తండ్రి ఎందుకు మాట్లాడలేదమ్మా?" అని అడిగాం.

"ఆప్షన్లేవి, అంకుల్?" అంది.

వచ్చే ఆదివారం చిట్టా మూసి ఒకే కథ చదివిస్తామన్నాం. మార్కులు తగ్గుతాయని అప్పుడే ఇద్దరు తల్లులు ఫోన్ చేశారు.