ఈసడింపుకు గురైన మాట: కాళోజీ, దాశరథి రంగాచార్యల భాషాదృష్టి

ఎదుటివారి మాటతీరు వినగానే కలిగే చిరాకును సాహిత్య విమర్శ సాధారణంగా పట్టించుకోదు. అది వ్యక్తిగత అభిరుచికి సంబంధించిన అల్ప విషయమని భావించడం పరిపాటి. తెలంగాణ చరిత్రలో మాత్రం అది అల్ప విషయంగా మిగలలేదు. 1921 నవంబరులో హైదరాబాదులో కార్వే అధ్యక్షతన జరిగిన సంఘసంస్కార సభలో న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో ప్రసంగించబోగా సభికులు గేలి చేశారు. ఆంధ్ర జనసంఘం ఆవిర్భావానికి ఆ అవమానమే తక్షణ కారణం. ఆనాటి సభికులకు రుచించనిది ప్రసంగంలోని దోషం కాదు. ఆ భాష సభావేదిక మీద వినిపించడమే.

అనంతర కాలంలో ఇదే ధోరణి తెలుగువారి మధ్యనే తలెత్తింది. తెలంగాణ పలుకుబడిపై వచ్చిన ఆక్షేపణలు ముఖ్యంగా క్రియారూపాల చుట్టూ, ఉర్దూ పదాల చుట్టూ తిరిగాయి. ‘వచ్చిండు’ అనడం మోటుతనమనీ, ‘వచ్చాడు’ అనడం నాగరికమనీ ఒక తీర్పు చలామణి అయింది. గ్రాంథిక రూపమైన ‘వచ్చినాఁడు’లో అరసున్న ఉంది. ‘వచ్చిండు’లో ఆ స్థానాన నిండుసున్న పలుకుతుంది; ‘వచ్చాడు’లో అనునాసికత జాడే లేదు. వ్యాకరణమే ప్రమాణమైతే ఎగతాళి ఏ రూపానికి తగలాలో ఆక్షేపకులు ఆలోచించినట్లు కనిపించదు. ‘దవాఖాన’ విషయమూ ఇంతే. అది ఉర్దూ నుంచి వచ్చినదని ముఖం చిట్లించేవారికి ‘ఆస్పత్రి’ ఇంగ్లీషు మాట రూపాంతరమన్న స్పృహ ఉండదు. జవాబు, ఖర్చు, రాజీనామా అన్ని ప్రాంతాల తెలుగులోనూ నిరాక్షేపంగా సాగుతున్నాయి. కనుక చిరాకుకు మూలం పదం పరాయిదవడం కాదు, దాన్ని పలికేవారి సామాజిక స్థానం. తెలుగు సినిమా దీర్ఘకాలం ఈ యాసను ప్రతినాయకులకూ హాస్యపాత్రలకూ కేటాయించడం ఇందుకు తగిన సాక్ష్యం. ‘ఫిదా’ (2017), ‘బలగం’ (2023) చిత్రాల నాటికి అదే యాస ప్రధాన పాత్రల నోట ఆదరణ పొందింది. ఈ మధ్యకాలంలో మారింది ధ్వనులు కావు.

కాళోజీ నారాయణరావును ఈ నేపథ్యంలో చదవాలి. ‘నా గొడవ’ కవి తెలుగువారి ఇంగ్లీషు మోజును ఎత్తిపొడిచిన తీరు చూసి ఆయనను భాషాశుద్ధివాదిగా లెక్కించడం పొరపాటు. తండ్రి మహారాష్ట్రుడు, తల్లి కన్నడిగురాలు. పుట్టుక కర్ణాటకలోని రట్టిహళ్లిలో, పెంపకం ఓరుగల్లు దగ్గరి మడికొండలో. ఉర్దూ మాటలు ఆయన వాడుకలో సహజంగా కలిసిపోయాయి. అన్యపదం ఆయనకు ఆగ్రహకారణం కాదు. తన మాట తనకు నామోషీ కావడమే కారణం. అయితే ఇంగ్లీషు చదువు లేకపోతే కొలువు దొరకని సామాన్యుడి నిస్సహాయతకూ, హోదా కోసం మాతృభాషను దాచుకునేవాడి డాంబికానికీ మధ్యనున్న భేదాన్ని కాళోజీ అధిక్షేపం అన్నిచోట్లా పాటించిందని చెప్పలేం. ఇది ఆయన కవిత్వంలో చర్చించదగిన పరిమితి.

దంతాలపల్లి ఉన్న నేటి మహబూబాబాద్ జిల్లాలోనిదే దాశరథి సోదరుల చిన్నగూడూరు. ఆ ఊరి నుంచి వచ్చిన దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవలలో నిజాం కాలపు పల్లెను చిత్రించడానికి అక్కడి నుడికారాన్నే ఆశ్రయించారు. దొర గడీలో వినిపించే అధికార భాషకూ, వాకిట్లో వినిపించే జీతగాళ్ల భాషకూ ఉన్న అంతరం ఆ నవలలో పాత్రల స్థాయీభేదంగా రూపుకట్టింది. నవల పొందిన గౌరవం వల్ల ఈ మాటలు అచ్చుకు తగవన్న వాదం బలహీనపడింది కూడా. అయినా ఒక సంకోచం మిగిలింది. యాస సంభాషణలకు పరిమితమై, కథనం చాలావరకు శిష్టవ్యావహారికంలోనే నడిచింది. పాత్ర మాట్లాడితే సహజం, రచయిత మాట్లాడితే మోటు అన్న అప్రకటిత నియమాన్ని ఈ విభజన అంగీకరించినట్లయింది. పాఠకుల చిరాకును ముందే ఊహించి రచయిత ఇచ్చిన రాయితీగా దీన్ని భావించవచ్చు. ఆనాటి ప్రచురణ వాతావరణంలో అది అర్థం చేసుకోదగినదే. పాకాల యశోదారెడ్డి ‘మా ఊరి ముచ్చట్లు’లో ఈ రాయితీ లేదు. అక్కడ పాలమూరు మాట పాత్రలదే కాదు, కథ చెప్పే గొంతుది కూడా.