వాహనాన్ని మోసిన యాత్రికురాలు

డెర్వ్లా మర్ఫీ రాసిన ‘ఫుల్ టిల్ట్’ (1965) మళ్ళీ చదివాను. ఐర్లండు వాస్తవ్యురాలైన ఈమె 1963 జనవరిలో ఒంటరిగా సైకిలెక్కి ఇండియాకు బయలుదేరారు. సైకిలుకు డాన్ క్విక్సోట్ గుర్రం పేరు పెట్టి, ‘రోజ్’ అని ముద్దుగా పిలుచుకున్నారు. కొండదారుల్లో చెడతాయని గేర్లు ముందే తీయించేశారు.

పుస్తకానికి ప్రాణం ఆ కొండదారుల్లోనే ఉంది. పాకిస్తాన్‌లో నాలుగు వేల మీటర్లు దాటిన బాబూసర్ కనుమ దగ్గర మంచులో చక్రం తిరగదు. అప్పుడు రోజ్‌ను ఆమే మోస్తారు. ఈ ఘట్టం వీరగాథ కాలేదు. ఏ రోజు సంగతి ఆ రోజే రాసి స్నేహితులకు పంపిన దినచర్య గనుక, రేపేమవుతుందో తెలియనితనం వాక్యాల్లో అలాగే మిగిలింది.

మన చెన్నపట్నపు ఏనుగుల వీరాస్వామయ్యగారు కూడా 1830–31 నాటి కాశీయాత్ర విశేషాలను మిత్రులు కోమలేశ్వరపు శ్రీనివాసపిళ్ళగారికి ఇలాగే రాసి పంపారు. ఆయనను బోయీలు మోశారు. ఈమె తన వాహనాన్నే మోశారు. సాహసంలో పోలిక లేదు. కాని ఏ మజిలీలో ఏ వస్తువు దొరుకుతుందో రాసిన ఆయన, వెనక వచ్చే బాటసారిని తలచుకున్నారు. మర్ఫీ మాత్రం మోటారు రోడ్లు వస్తే ఈ లోయల అందం చెడుతుందని దిగులుపడతారు. ఇక్కడే నాకు పేచీ. పురిటినొప్పులు పడే కొండపల్లె ఇల్లాలికి ఆ రోడ్డే కదా దిక్కు! ఆమె మాట ఈ పుస్తకంలో వినబడదు.

అయినా ఇది తెలుగులోకి రావలసిన పుస్తకం. వస్తే మొదటి ప్రతి నేనే కొంటాను.