వాట్సన్‌గారికేం తక్కువ?

మా పెదనాన్నగారు ప్లీడరు. ఊళ్ళో పేరున్న ప్లీడరే. రాత్రి భోజనాలయ్యాక వరండాలో పడక్కుర్చీ వాల్చుకుని, మర్నాటి కేసు మొదటినుంచీ చివరిదాకా పెద్దమ్మకి చెప్పేవారు. పెద్దమ్మ కింద చాపమీద కూర్చుని తమలపాకులకి ఈనెలు తీస్తూ "ఊఁ" కొట్టేది. సెలవులకి చేరిన మా పిల్లమూకకి అదో వినోదం. చాటుగా ఆవిడకి "ఊఁ పెద్దమ్మ" అని పేరు కూడా పెట్టుకున్నాం. ఎప్పుడైనా ఆవిడ ఊఁ కొట్టడం ఆపి, "అయితే ఆ రోజుల్లో వాళ్ళింటికి పాలెవరు పోసేవారండీ?" అని అడిగేది.

"నీ మొహం! దావా పొలం గురించైతే మధ్యలో పాలెందుకే?" అని పెదనాన్న పకపకా నవ్వేవారు. మేమూ నవ్వేవాళ్ళం. తెల్లారి లేచి చూద్దుము గదా, ఆయన గుమాస్తాని పిలిచి ఆ పాలవాడెవరో కనుక్కోమని చెబుతూ ఉండేవారు. ఆ ప్రశ్న ఎవరిదో మాత్రం గుమాస్తాకి చెప్పగా నేను వినలేదు.

డిటెక్టివుల పక్కనుండే మనుషుల్ని గురించి రాస్తానని కూర్చుని పెద్దమ్మ కథ మొదలెట్టిందేమిటా అనుకుంటున్నారు కదూ? ఈ విషయంలో నాకు మొదటి పాఠం చెప్పింది ఆవిడే మరి. 1993లో దూరదర్శన్‌లో బాసు చటర్జీ తీసిన "బ్యోమ్‌కేశ్ బక్షీ" వచ్చేది. డిటెక్టివుగా రజిత్ కపూర్, అతని స్నేహితుడు అజిత్‌గా కె.కె. రైనా. పెద్దమ్మకి హిందీ ముక్క రాదు. అయినా మాతోపాటు కూర్చుని చూసేది. ఒకరోజు ఉన్నట్టుండి, "ఆ పక్కనున్న అబ్బాయి ఎంత బాగా వింటున్నాడే!" అంది. మేమందరం డిటెక్టివుకేసి చూస్తుంటే ఆవిడ ఒక్కర్తీ వినేవాడికేసి చూస్తోందన్న మాట. మాట తెలియని మనిషికి మొహాలే కదా తెలిసేది!

ఆ తరవాత కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చదువుతూ షెర్లాక్ హోమ్స్ కథలు పట్టాను. మా అమ్మ తరానికి కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు ఎంత ఆప్తులో, నాకు హోమ్స్, డాక్టర్ వాట్సన్ అంత ఆప్తులైపోయారు. అప్పటినుంచి ఏ దేశంలో ఎవరు వాట్సన్ వేషం వేసినా వెతికి చూడడం నాకో వ్యసనమైపోయింది. పెద్దమ్మ చెప్పిన కొలబద్ద ఒకటే పట్టుకుని చూస్తాను: ఇతను ఎలా వింటున్నాడు?

ముందు పుస్తకంలో వాట్సన్ సంగతి చూద్దాం. 1887లో వచ్చిన మొదటి నవలలో అతను మిలటరీ డాక్టరు. అఫ్ఘనిస్తాన్‌లో మైవాండ్ యుద్ధంలో తుపాకీ గుండు తగిలి, జబ్బుపడి, చిక్కి శల్యమై లండన్ చేరతాడు. ఒంటరివాడు. అద్దె పంచుకునే మనిషి కోసం చూస్తుంటే హోమ్స్ దొరుకుతాడు. కానన్ డాయిల్ రాసిన హోమ్స్ కథలు, నవలలు కలిపి 60. అందులో 56 వాట్సన్ చెప్పినవే. వాట్సన్ తన కేసులకి రంగులు పూసి రాస్తాడని హోమ్స్ ఎప్పుడూ సణుగుతూ ఉంటాడు. తీరా 1926లో వచ్చిన ఒక కథలో తనే కలం పట్టి, చదివేవాళ్ళకి ఆసక్తి కలిగేలా రాయడం ఎంత కష్టమో ఒప్పుకుంటాడు. నాలుగు నవలలు రాసిన దాన్ని కనక, ఆ చోటికి వచ్చేసరికి నాకు కడుపు నిండిపోయింది సుమండీ!

అలాంటి మనిషిని తెరమీద తెలివితక్కువ దద్దమ్మగా లోకానికి పరిచయం చేసిన ఘనత నైజెల్ బ్రూస్‌ది. 1939నుంచి 1946 దాకా బేసిల్ రాత్‌బోన్ హోమ్స్‌గా 14 సినిమాలు వచ్చాయి. అన్నిట్లోనూ బ్రూసే వాట్సన్. బొద్దు మనిషి, గొణుగుడు మాట. హోమ్స్ ఏదైనా చెప్పగానే నోరు తెరుచుకుని గుడ్లప్పగిస్తాడు. చూస్తే బాబాయిలా ఉంటాడు గానీ, నిజానికి రాత్‌బోన్ కన్నా మూడేళ్ళు చిన్న. ఇంకో చిత్రం చూడండి. బ్రూస్ మొదటి ప్రపంచ యుద్ధంలో కాలికి గుళ్ళు తగిలిన సిపాయి. యుద్ధంలో దెబ్బతిన్న వాట్సన్ ఎలా ఉంటాడో ఎవరూ ఆయనకి నేర్పక్కర్లేదు. సినిమావాళ్ళకి మాత్రం ఆ సిపాయి అక్కర్లేకపోయాడు, నవ్వించే ముసలాయన కావలసి వచ్చాడు.

మొదటిసారి ఆ సినిమాలు చూసినప్పుడు నేను పడీ పడీ నవ్వాను. అబద్ధమెందుకూ, బ్రూస్‌లో బోలెడు ప్రేమ ఉంది. హోమ్స్‌కి ఏమన్నా అవుతుందేమోనని ఆయన కంగారు పడితే మనకీ గుండె ఝల్లుమంటుంది. కానీ రెండోసారి చూస్తుంటే రాత్‌బోన్ నవ్వు నన్ను బాధపెట్టడం మొదలెట్టింది. పక్కవాడు నిజంగా తెలివితక్కువవాడైతే, వాణ్ణి రోజూ వెంటేసుకు తిరిగే తెలివైనవాడు ఎలాంటివాడు? చప్పట్ల కోసమే మనిషిని పెట్టుకున్నవాడు కాడూ? వాట్సన్‌ని తగ్గిస్తే హోమ్స్ పెరుగుతాడని వాళ్ళనుకున్నారు. హోమ్సే తగ్గాడు. ఆ నవ్వు ఎక్కడ విన్నానా అని ఆలోచిస్తే, మా వరండా గుర్తుకొచ్చింది.

1959లో ఇంగ్లండులో హామర్ కంపెనీ "బాస్కర్‌విల్స్" జాగిలం కథని మొదటిసారి రంగుల్లో తీసింది. హోమ్స్ పీటర్ కుషింగ్, వాట్సన్ ఆండ్రే మొరెల్. ఆ కథలో హోమ్స్ వాట్సన్‌ని ఒక్కణ్ణే ఆ భయంకరమైన బీడు భూముల్లోకి పంపిస్తాడు. దద్దమ్మనైతే పంపుతాడా? మొరెల్ ఆ నమ్మకానికి తగినవాడు. నిటారుగా, మర్యాదగా, ఆలోచిస్తూ వింటాడు. కాస్త బ్యాంకు మేనేజరుగారిలా బిగుసుకుని ఉంటాడనేదొక్కటే నా ఫిర్యాదు.

జేమ్స్ మేసన్‌కి ఆ బిగువు లేదు. 1979లో క్రిస్టఫర్ ప్లమర్‌తో చేసిన సినిమాలో ఆయన పళ్ళెంలో మిగిలిన ఒకే ఒక్క బఠానీ గింజని ఫోర్కుతో పట్టుకోబోతుంటాడు. అది దొరక్క జారిపోతూ ఉంటుంది. చూసి చూసి విసుగెత్తిన హోమ్స్ తన ఫోర్కుతో దాన్ని చితక్కొట్టి ఇస్తాడు. పాపం, వాట్సన్ చిన్నబుచ్చుకుంటాడు. ఆయనకి కావలసింది చితకని బఠానీ! హంతకుణ్ణి వెతికే సినిమాలో బఠానీ గొడవేమిటంటారా? ఇరవయ్యేళ్ళు కాపురం చేసిన ఏ ఇల్లాలినైనా అడగండి, చెబుతుంది. మేలు చేస్తున్నాననుకుంటూ మన ఇష్టాన్ని చితక్కొట్టే మనుషులు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. వాళ్ళమీద మనకి కోపమూ వస్తుంది, వాళ్ళు లేకపోతే తోచదు కూడా.

రష్యావాళ్ళ వాట్సన్ని మీరు చూశారో లేదో. 1979నుంచి 1986 దాకా లెనిన్‌గ్రాడ్‌లో టీవీ కోసం తీసిన చిత్రాల్లో వసీలీ లివనోవ్ హోమ్స్, విటాలీ సోలోమిన్ వాట్సన్. రీగా నగరంలో ఒక పాత వీధే వాళ్ళ బేకర్ స్ట్రీట్. మొదట్లో సోలోమిన్‌కి హోమ్స్ మీద అనుమానం. ఇంటికొచ్చే మనుషుల్నీ, అతనికి తెలిసిన విషయాల్నీ చూసి, వీడెవడో నేరస్థుల నాయకుడై ఉంటాడని లెక్కలు కడతాడు. లెక్క తప్పే. కానీ చూశారా, లెక్క వేసుకునే బుర్ర అతనికి ఉందన్న మాట! తన బుర్ర తనకున్నవాడు మెచ్చుకుంటేనే ఆ మెప్పుకి విలువ. 2007లో మాస్కోలో బ్రిటిష్ రాయబార కార్యాలయం దగ్గర వీళ్ళిద్దరి పోలికలతో కంచు విగ్రహాలు పెట్టారు. డిటెక్టివుతోపాటు వినేవాడికీ విగ్రహం పెట్టిన ఆ ఊరికి ఒక దణ్ణం.

ఇక నా మనసు దోచిన వాళ్ళు ఇద్దరు. బ్రిటన్‌లో గ్రెనడా టెలివిజన్ 1984నుంచి 1994 దాకా తీసిన ధారావాహికల్లో హోమ్స్ జెరెమీ బ్రెట్ ఒక్కడే. వాట్సన్లు మాత్రం ఇద్దరు. ముందు డేవిడ్ బర్క్. కళ్ళు మిలమిల మెరుస్తాయి. హోమ్స్ గుట్టు విప్పుతుంటే, తరవాతేమిటో చెప్పమని తొందరపెట్టే పిల్లాడిలా ముందుకు వంగి వింటాడు. 13 కథలయ్యాక బర్క్ తప్పుకున్నాడు. ఇంట్లో చిన్న కొడుకు ఉన్నాడు, వాడి దగ్గర ఉండాలనుకున్నాడు. పిల్లల కోసం పేరొచ్చే పని వదులుకున్న ఆడవాళ్ళు మనలో వెయ్యిమంది ఉన్నారు గానీ మగవాళ్ళు అరుదు. అందుకే బర్క్ అంటే నాకు రెండింతలు గౌరవం. పైగా వెళుతూ వెళుతూ తన బదులు ఎడ్వర్డ్ హార్డ్‌విక్ పేరు తనే సూచించాడు.

ఆ మార్పు ఎక్కడ వచ్చిందో చూడండి. 1985లో బర్క్ చేసిన చివరి కథలో హోమ్స్ జలపాతంలో పడి చనిపోయాడని వాట్సన్ నమ్ముతాడు. 1986లో హార్డ్‌విక్ చేసిన మొదటి కథలో మూడేళ్ళ తరవాత హోమ్స్ తిరిగొస్తాడు. అంటే స్నేహితుణ్ణి పోగొట్టుకున్న మొహం ఒకటి, తిరిగి చూసిన మొహం ఇంకొకటి. చూసేవాళ్ళు ఒప్పుకోరేమోనని అనిపిస్తుంది. నాకు మాత్రం దుఃఖం మనిషిని అంత మార్చేసిందనే అనిపించింది. హార్డ్‌విక్ కళ్ళలో మెరుపు తక్కువ, ఓర్పు ఎక్కువ. ఎదుటివాడు చెప్పిన మాటతోపాటు చెప్పని మాట కూడా వింటాడు. హోమ్స్ తిళ్ళు మాని, నిద్ర మాని, మత్తుమందు జోలికి పోతాడేమోనని కనిపెట్టుకుని ఉండే చూపు అది. బ్రెట్ స్వయంగా ఆ ఏళ్ళలో భార్యని పోగొట్టుకుని, మనోవ్యాధితో బాధపడ్డాడని తెలిశాక ఆ చూపు నాకు ఇంకా బరువుగా కనిపించింది.

అదే ఘట్టం, ఆ పునర్దర్శనం, 2014లో బి.బి.సి. వారి "షెర్లాక్"లో మళ్ళీ వచ్చింది. 1903నాటి కథలో వాట్సన్ మూర్ఛపోతాడు. ఇప్పటి వాట్సన్, మార్టిన్ ఫ్రీమన్, మూర్ఛపోడు, కొడతాడు! హోటల్లో నలుగురి ముందూ మీదపడి మరీ కొడతాడు. ఇన్నాళ్ళూ నన్ను ఏడిపించి, ఏమీ ఎరగనట్టు వచ్చి నిలబడతావా అని కదా దానర్థం? చూస్తూ నేను చప్పట్లు కొట్టాను. 120 ఏళ్ళనుంచి ఓర్చుకుంటున్న వాట్సన్లందరి తరఫునా పడిన దెబ్బలు అవి.

చివరగా లూసీ లియూ. 2012నుంచి 2019 దాకా అమెరికాలో వచ్చిన "ఎలిమెంటరీ"లో వాట్సన్ ఆడది. శస్త్రచికిత్సలు మానేసిన డాక్టరు. మత్తుమందులు మానిన హోమ్స్ మళ్ళీ వాటి జోలికి పోకుండా కనిపెట్టుకుని ఉండడానికి జీతానికి కుదురుతుంది. ఆడా మగా ఒక ఇంట్లో ఉన్నారు కదా అని వాళ్ళిద్దరికీ ప్రేమా పెళ్ళీ అంటగట్టలేదు, సంతోషం. ఆమె చెయ్యి కట్టుకుని, తల కొంచెం వంచి, నమ్మీ నమ్మనట్టు వింటుంది. క్రమంగా పని నేర్చుకుని తనే డిటెక్టివు అవుతుంది.

ఇక్కడే నాకో చిక్కొచ్చి పడింది. గౌరవం కావాలంటే వాట్సన్ కూడా హోమ్స్ అయి తీరాలా? వినడం, కనిపెట్టుకుని ఉండడం, గుర్తుపెట్టుకుని రాయడం, ఇవి పనులు కావా? ఈ మాటే మా అమ్మాయితో అన్నాను. అది నాతోపాటు కూర్చుని చూస్తోంది.

"నిజమేగానీ అమ్మా, మీ పెద్దమ్మని లా చదివించి ఉంటే ఎలా ఉండేదో ఎవరన్నా ఆలోచించారా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. పెద్దమ్మ వినడంలో ఉన్న తెలివికి నేను ఇన్నాళ్ళకి దణ్ణం పెడుతున్నాను. దానికి మరో దారి ఉందా అని ఆవిడని ఎవరూ అడగలేదు. ఆ రెండూ నిజాలే.

సరే, ఎవరికి మొదటి మార్కు అంటారా? కబుర్లు చెప్పుకుంటూ రైల్లో ప్రయాణం చెయ్యడానికి బర్క్. మన తరఫున దెబ్బలాడ్డానికి ఫ్రీమన్. కష్టంలో పక్కన కూర్చోడానికి మాత్రం హార్డ్‌విక్. మొదటి మార్కు ఆయనకే. బ్రూస్‌ని తిట్టాను గానీ, ఆయన మీద నాకు పగ లేదు. తప్పు ఆయనది మాత్రమే కాదు, చూసి నవ్విన మనది కూడా.

పెద్దమ్మ పోయాక పెదనాన్న ఆరునెలల్లో ప్రాక్టీసు మానేశారు. ఒంట్లో బాగుండక అనుకున్నాం. ఒకసారి వెళితే, రాత్రి అదే పడక్కుర్చీలో పడుకుని ఏదో పాత దావా గురించి నాకు చెప్పడం మొదలెట్టారు. నేను ఊఁ కొడుతున్నాను. సగంలో ఆపేసి, "నువ్వు ఊఁ అంటున్నావే గానీ, ఏమీ అడగవేమే?" అన్నారు.