పడవ ఒడ్డుకెక్కాలి

అమెరికాలో జార్జియా రాష్ట్రం, కమ్మింగ్ ఊళ్లో ఉండే మా మేనల్లుడు ఈ వారం ఫోన్ చేసి బోటు కొంటున్నానన్నాడు. ఆ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. లేక్ లేనియర్ వాళ్లకు పక్కనే. చటాహూచీ నది మీద బ్యూఫర్డ్ డ్యామ్ కట్టడంతో 1950లలో ఏర్పడిన పెద్ద జలాశయం అది. ‘‘మావయ్యా, పద్దెనిమిది అడుగుల బోటు చూశాను. దాన్ని లాగడానికి పికప్ ట్రక్కు కూడా తీసుకోవాలి. ఎన్ని హార్స్‌పవర్ ఉండాలంటావు?’’ అని అడిగాడు.

బోటు మాటకు సంతోషించాను. హార్స్‌పవర్ మాట మాత్రం గుచ్చుకుంది. వాడి చిన్నతనమంతా కొండ వాలున ఉన్న టైడాలో, మా ఇంట్లో గడిచింది. ఇక్కడ పెరిగినవాడు మొదట అడగాల్సిన ప్రశ్న అది కాదు.

ఈ కాలమ్ చదివేవాళ్లకు బ్రేకుల మీద నా పట్టుదల తెలిసిందే. సైకిల్ గురించి రాసినా, ఆదివారం సాయంత్రం అనంతగిరి ఘాట్ దిగే టూరిస్టు బస్సుల గురించి రాసినా చివరికి అక్కడికే వస్తాను. షోరూముల్లో బండి లాగే బలం గురించి గంటసేపు చెబుతారు. ఆపే బలం మనం అడిగితేగాని చెప్పరు. వెనక ట్రైలర్ తగిలించినవాడికి అదే ప్రాణాధారం.

మా టైడా స్టేషన్ కొత్తవలస–కిరండూల్ లైను మీద ఉంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కణ్ణుంచి ఓడల్లో జపాన్‌కు పంపడానికి 1960లలో ఈ కొండల్ని తొలిచి వేశారు. 58 సొరంగాలు. శిమిలిగుడ దగ్గర లైను 996 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. అక్కణ్ణుంచి కరకవలస, బొర్రా గుహలు, చిమిడిపల్లి, టైడా, శివలింగపురం దాటి బొడ్డవర దగ్గర మైదానంలో పడేదాకా దిగుడే. వాలు అరవైకి ఒకటి. రోడ్డు మీద నడిచేవాడికి అది వాలని కూడా తెలియదు. ఖనిజం నింపిన గూడ్సు రైలుకు, అంటే రేకుకు, బాగా తెలుస్తుంది.

ఎందుకంటే ఈ ఘాట్ మీద ఖాళీ వ్యాగన్లు పైకెళ్తాయి, నిండు వ్యాగన్లు కిందికొస్తాయి. బరువంతా దిగేటప్పుడే ఉంటుంది. 1980ల్లో కరెంటు ఇంజిన్లు వచ్చాక మూడేసి ఇంజిన్లు కట్టిన రేకులు మా స్టేషన్ మీదుగా దిగుతుంటే స్కూలుకెళ్లే వయసులో ప్లాట్‌ఫాం మీద నిలబడి చూసేవాణ్ణి. పల్లానికి దిగే రైలుకు మూడు ఇంజిన్లెందుకని నా సందేహం. బంతి కూడా తనంతట తాను దొర్లిపోతుంది కదా!

మా వీధిలో ఉండే పెద్ద వయసు డ్రైవరుగారు ఒకరు ఆ సందేహం తీర్చారు. ఇంజిన్ మోటార్లు చక్రాల్ని తిప్పడం మానేసి, చక్రాలే మోటార్లను తిప్పేలా చేస్తారట. అప్పుడు మోటారు కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటు ఇంజిన్‌లోని రెసిస్టెన్సుల్లో వేడిగా మారి గాలిలో కలుస్తుంది. అలా పుట్టే ఎదురుబలం రైలును వెనక్కి పట్టి ఉంచుతుంది. చక్రానికి బ్రేకు దిమ్మ తగలాల్సిన పని అంతగా ఉండదు. మూడు ఇంజిన్లుంటే పట్టు అంత ఎక్కువ. దిమ్మల్నే నమ్ముకుని కొండ పొడుగునా నొక్కుతూ వస్తే అవి కాగిపోతాయి, అసలు అవసరమైనప్పుడు పట్టవు. ‘‘బొడ్డవరలో ఆగడానికి కావలసిన బ్రేకు శిమిలిగుడలోనే మిగుల్చుకోవాలి నాయనా’’ అనేవారాయన. రేకు వెళ్లిపోయాక ప్లాట్‌ఫాం మీద కాలిన ఇనుము వాసన కాసేపు ఉండేది. కొన్ని రోజులు ఘాటుగా, కొన్ని రోజులు పలచగా. ఆ వాసనను బట్టి ఆ రోజు రైలును ఎంత నేర్పుగా దించారో చెప్పగలనని అప్పట్లో నా నమ్మకం. ఆయన డ్యూటీలో ఉన్న రోజు వాసన తక్కువగా ఉందనిపిస్తే, అదేదో మా ఇంటి విజయమైనట్టు అమ్మకు పరుగెత్తి చెప్పేవాణ్ణి.

రైలు పట్టాల మీద నేర్చిన ఈ పాఠమే పక్కనున్న రోడ్డు మీదా పనికొస్తుంది. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాలంటారు ఘాట్ డ్రైవర్లు. ఇంజిన్ పట్టుకుంటే బ్రేకు మలుపులకు మిగులుతుంది.

కాబట్టి మా వాడితో అన్నాను: ఒరే, నీ ట్రక్కు ఆ బోటును లాగగలదా అని అడగకు. సమతలం మీద చిన్న కారు కూడా లాగుతుంది. ఎదురుగా పిల్లాడు అడ్డొస్తే బోటుతో సహా ఆగగలదా అని అడుగు. వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగింతలవుతుంది. బోటు ట్రైలర్లకు సాధారణంగా సర్జ్ బ్రేకులు ఉంటాయి. ముందు బండి నెమ్మదించగానే ట్రైలర్ దాన్ని వెనకనుంచి తోస్తుంది, ఆ తోపుడుతోనే దాని బ్రేకులు పడతాయి. కరెంటు తీగల అవసరం లేదు కాబట్టి నీళ్లలో మునిగే ట్రైలర్‌కు అనువైనవి. అవి ఉన్నాయా, పనిచేస్తున్నాయా అన్నది బోటు రంగు కంటే ముందు చూడాలి.

బరువు సంగతి చూద్దాం. కంపెనీ కాగితం మీద వేసేది పొడి బరువు. అందులో పెట్రోలు ఉండదు, బ్యాటరీ ఉండకపోవచ్చు, లంగరు, ఐసు పెట్టె, లైఫ్ జాకెట్లు ఉండవు. చాలాసార్లు ట్రైలర్ బరువు కూడా కలపరు. పద్దెనిమిది అడుగుల మామూలు ఫైబర్ బోటు ఇంజిన్‌తో టన్ను చుట్టూ ఉంటుంది. మిగతావన్నీ కలిస్తే టన్నున్నరకు వెళ్తుంది. లారీలు తూచే కాటా మీదికి ఎక్కించి చూస్తేనే నిజం తెలుస్తుంది. ఆ బరువులో సుమారు పదో వంతు, బండి వెనక ట్రైలర్ తగిలించే హిచ్ బంతి మీద ఆనాలి. అంతకంటే బాగా తగ్గితే వేగంలో ట్రైలర్ తోక ఊపుతుంది, ఊపు పెరిగితే ముందున్న బండినీ పక్కకు లాగేస్తుంది.

ఇన్ని లెక్కలు చెప్పాక నాకే అనిపించింది, అసలు బోటును రోడ్డెక్కించడమెందుకని. ఆ సరస్సు చుట్టూ బోట్లు నిలిపే మెరీనాలున్నాయి. అద్దె కట్టి నీళ్లలోనే కట్టేసుకుంటే ట్రక్కు వద్దు, ట్రైలర్ వద్దు, శనివారం పొద్దున బోటు నీళ్లలోకి దించే ర్యాంపు దగ్గర క్యూ వద్దు. ట్రక్కుకు పోసే డబ్బుతో ఎన్నేళ్ల అద్దె కట్టొచ్చో లెక్క వేయమని చెప్పేద్దామనుకున్నాను. చెప్పే ముందు మన తీరం గుర్తొచ్చింది.

విశాఖ నుంచి భీమిలి దాకా వాడబలిజల పల్లెల్లో తెప్పను నీళ్లలో వదిలేయరు. వేట నుంచి రాగానే ఇసుక మీదికి లాగుతారు. పాత కర్ర తెప్పలైతే కట్లు విప్పి దుంగల్ని ఎండబెట్టేవాళ్లు. నీరు పీల్చిన దుంగ బరువెక్కుతుంది, పుచ్చుతుంది. ఇప్పుడు ఫైబర్ తెప్పలొచ్చాయి, మోటార్లొచ్చాయి. ఒడ్డుకు లాగడం మాత్రం పోలేదు. ఒడ్డుకెక్కిన పడవకు అడుగు కనిపిస్తుంది. ఎక్కడ బీట పడింది, ఎక్కడ రాయి గీసింది, పంకా రెక్క ఎక్కడ వంగింది, అన్నీ కంటికి దొరుకుతాయి. పడవ మీద బతికేవాళ్లు రోజూ అడుగు చూసుకుంటున్నారు. సరదాకు కొనేవాడు నెలల తరబడి చూడకుండా నీళ్లలో వదిలేయడం నాకు నచ్చలేదు. నీళ్లలోనే ఉన్న బోటుకు అడుగున నాచు పడుతుంది. లోపలి నీరు తోడే పంపు చెడితే, బ్యాటరీ దిగిపోతే యజమానికి ఆ కబురు మునిగాకే తెలియవచ్చు. ట్రైలర్ మీదున్న బోటు ప్రతిసారీ ఇంటికొస్తుంది, ప్రతిసారీ ఆరుతుంది, ప్రతిసారీ యజమాని కంటి ఎత్తులో నిలబడుతుంది. అంత విలువ ఉన్నందుకే ఇంత రోడ్డు కష్టమూ పడొచ్చు.

అయితే ఈ లెక్కకు పికప్ ట్రక్కు అక్కర్లేదు. వాళ్లింట్లో టయోటా హైలాండర్ ఉంది. పెట్రోలు మోడల్‌కు కంపెనీ ఇచ్చిన హద్దు 5,000 పౌండ్లు, అంటే 2,268 కిలోలు. హైబ్రిడ్ అయితే 3,500 పౌండ్లే. ఈ అంకెల్లోంచి కారులో కూర్చునే మనుషులకు, సామానుకు కూడా చోటివ్వాలి. తలుపు పక్కనున్న స్టిక్కరు చదివి, మొత్తం తూచి, హద్దుకు బాగా లోపల ఉండే బోటునే కొనమన్నాను. పద్దెనిమిది అడుగులు ఎక్కువైతే పదహారు చాలు. మొదటి బోటు కోసం కొత్త ట్రక్కు కొనాల్సి వస్తోందంటే బోటు పెద్దదైందని నా తీర్పు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో రాయల్ వశిష్ఠ బోటు మునిగిన నాటి నుంచి ఎవరు బోటు మాటెత్తినా లైఫ్ జాకెట్ల గురించి అడగకుండా ఉండలేను. జార్జియాలో నడుస్తున్న బోటులో పదమూడేళ్ల లోపు పిల్లలు జాకెట్ వేసుకుని తీరాలని చట్టం. పెద్దలు దగ్గర పెట్టుకుంటే చాలంటుంది. మా వాడు, వాడి భార్య కూడా ఒంటి మీదే వేసుకోవాలని నేనన్నాను. అక్కడ 1998 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు బోటు నడపాలంటే కోర్సు పూర్తి చేయాలి. మా వాడు అంతకు ముందే పుట్టాడు కాబట్టి చట్టం వాణ్ణి వదిలేసింది. నేను వదల్లేదు, చేరతానని మాటిచ్చాడు.

ర్యాంపు దగ్గరికి చేరాక తొందర పడొద్దని కూడా చెప్పాను. రోడ్డు మీద తిరిగిన ట్రైలర్ చక్రాల హబ్బులు వేడెక్కి ఉంటాయి. వాటిని అలాగే చల్లటి నీళ్లలో దించితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోయి సీలు సందుల్లోంచి నీటిని బేరింగుల్లోకి పీల్చుకుంటుంది. గ్రీజు పాడవుతుంది, బేరింగు తుప్పు పడుతుంది, తర్వాతెప్పుడో హైవే మీద చక్రం పట్టేస్తుంది. అందుకని పక్కన ఆపి, సామాను సర్దుకుంటూ, వెనక పట్టీలు విప్పుకుంటూ, బోటు అడుగు బిరడా బిగించుకుంటూ హబ్బు మీద చెయ్యి పెట్టి చూడాలి. అది చల్లారాకే రివర్సు గేరు.